పగిలినా పరవాలేని విమానం

మన బడి సైన్సు గదిలో కిటికీ పక్కన ఉండే అద్దాల బీరువా చాలామందికి గుర్తుండే ఉంటుంది. పై అరలో స్పిరిట్‌లో నానుతున్న తేలు, కప్ప, పాము సీసాలు. కింది అరలో బీకర్లు, అయస్కాంతాలు, తుప్పు పట్టిన స్ప్రింగు త్రాసు. మధ్య అరలో ఒక్కటే వస్తువు: పసుపు కాగితం అంటించిన విమానం. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసిన మన ఊరి పెద్దాయన ఒకరు కలకత్తాలో బాల్సా చెక్క కిట్టు కొని, తన చేత్తో కట్టి, బడికి బహుమతిగా ఇచ్చారని చెప్పేవారు. మన ప్రాంతం నుంచి ఖరగ్‌పూర్‌కి రైలెక్కి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఆ మాట నమ్మదగిందే.

1983లో మేం తొమ్మిదో తరగతి. సైన్సు ఎగ్జిబిషన్‌కి బీరువా తుడుస్తున్నప్పుడు మా వాడొకడు ఆ విమానాన్ని చేతిలోకి తీసుకుని, "ఒక్కసారి ఎగరేద్దామా మాస్టారూ?" అని అడిగాడు. మాస్టారు మంచివారే. చెయ్యెత్తలేదు, కోప్పడలేదు. ఒకటే మాట అన్నారు: "ఇరిగితే డబ్బులెవలు కడతార్రా?" విమానం మళ్లీ అరలోకి వెళ్లింది. తాళం పడింది. పదో తరగతి అయ్యేదాకా అది ఎగరగా మేం చూడలేదు. మా తరవాత బ్యాచ్‌లవాళ్లూ చూడలేదన్నారు. కొన్నేళ్లకి చెదలు తిన్నాయట.

ఆ మాస్టారి ప్రశ్న న్యాయమైన ప్రశ్న. నమూనా విమానాల చరిత్ర అంతా చదివితే నాకు అర్థమైంది ఏమిటంటే, రెండు వందల ఏళ్లుగా ఆ విద్య ఎవరి చేతికి అందింది, ఎవరికి అందలేదు అన్నది తేల్చింది ఆ ప్రశ్నే. విరిగితే ఎవరు కడతారు? ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆ చరిత్రను కొంచెం చెప్పి, చివర మన సంఘానికి ఒక మనవి చేసుకుంటాను.

రబ్బరు పట్టీతో మొదలు

మనుషుల్ని మోసే విమానం కంటే బొమ్మ విమానం వయసులో పెద్దది. ఇంగ్లండులో సర్ జార్జ్ కేలీ 1804లో ఒక పొడవాటి కర్రకి గాలిపటాన్ని రెక్కగా కట్టి, వెనక కదిలే తోక పెట్టి, ముందు బరువు వేలాడదీసి విసిరి చూశాడు. రెక్క, తోక, ముందు బరువు అన్న మూడింటి పొందిక నేటి విమానాల్లోనూ అదే. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్యూలరీస్ తోటలో అల్ఫోన్స్ పెనో అనే యువకుడు మెలిపెట్టిన రబ్బరు పట్టీతో తిరిగే పంకా బిగించిన చిన్న నమూనాను జనం ముందు వదిలాడు. దాని బరువు 16 గ్రాములు. అది 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు ఎగిరింది. ఎవరూ పట్టుకోకుండా తనంతట తానే నిలకడగా ఎగరగలిగిన తొలి నమూనా అదేనని చరిత్రకారులు లెక్కిస్తారు.

అదే పెనో ఆలోచనతో తయారైన ఎగిరే బొమ్మను 1878లో అమెరికాలో ఒక మతాచార్యుడు తన ఇద్దరు కొడుకులకి తెచ్చి ఇచ్చాడు. బెండు, వెదురు, కాగితం, రబ్బరు పట్టీ, అంతే సరంజామా. పిల్లలు దాన్ని విరిగేదాకా ఆడారు. విరిగాక అలాంటివే సొంతంగా చేశారు. ఆ పిల్లల పేర్లు విల్బర్, ఆర్విల్ రైట్. 1903 డిసెంబరు 17న వాళ్ల విమానం 12 సెకన్లు ఎగరడానికి వెనక ఆ బొమ్మ ఉందని వాళ్లే చెప్పుకున్నారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తండ్రి ఆ బొమ్మను బీరువాలో పెట్టి తాళం వేయలేదు.

వెదురు, కాగితం, బెండు అంటే మనకి పరాయి వస్తువులు కావు. మన ఊళ్లలో పిల్లలు తాటాకు గిరకలు తుమ్మ ముల్లుకి గుచ్చి గాలికి ఎదురుగా పరుగెత్తేవారు. పాత దినపత్రికకి వెదురు బద్దలు అతికిస్తే గాలిపటం. చెరువు నీటిలో పెరిగే జీలుగు మొక్క బెండుతో పెళ్లి బాసికాలు, బొమ్మలు చేసేవారు. (మన్యంలో కల్లు గీసే జీలుగు చెట్టు వేరు, ఇది వేరు.) తెల్లదొరలు పెట్టుకున్న సోలా టోపీ కూడా ఆ జాతి బెండుతో చేసిందే. తేలికైన పదార్థం మన దగ్గరా ఉంది, చురుకైన చేతులూ ఉన్నాయి. లేనివి రెండు: అది ఎలా ఎగురుతుందో చెప్పే పుస్తకం, ఎగరేయమని చెప్పే పెద్దవాడు.

బాల్సా కాలం

ఇరవయ్యో శతాబ్దంలో నమూనా విమానాలకి బాల్సా రాజయింది. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ అడవుల్లో వేగంగా పెరిగే చెట్టు అది. ఘనమీటరు నీరు 1000 కిలోలైతే బాల్సా సగటున 160 కిలోలు. సన్నని పుల్లలతో అస్థిపంజరం కట్టి, పైన పలచని కాగితం అంటించి, డోప్ అనే లక్కలాంటి ద్రవం పూస్తే కాగితం బిగిసి డప్పు చర్మంలా అవుతుంది. అందంగా ఉంటుంది, చక్కగా ఎగురుతుంది. కానీ ఒక రెక్క కట్టడానికి వారాలు, విరగడానికి ఒక్క క్షణం.

అప్పుడే యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పట్నం ఖాళీ చేసి పల్లెలకి వచ్చేసినవాళ్ల కథలు మన తాతల తరం చెప్పగా విన్నవే. మన ప్రాంతంలో చాలామందికి విమానం అంటే మొదట తెలిసింది ఆకాశం నుంచి వచ్చే భయంగానే. అదే ఏడాది అమెరికాలో నౌకాదళం బడిపిల్లల్ని ఒక పని అడిగింది: శత్రు విమానాలనీ, తమ విమానాలనీ దూరం నుంచి గుర్తుపట్టడం సైనికులకి నేర్పడానికి ఐదు లక్షల చెక్క నమూనాలు చేసి ఇవ్వమని. అసలు విమానంలో 72వ వంతు కొలతకి, బడి చెక్కపని గదుల్లో పిల్లలు వాటిని చెక్కారు. ఒక దేశం తన పిల్లల చేతుల్ని నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

ఆ యుద్ధంలో బాల్సాకి కరువొచ్చింది. ప్రాణరక్షక తెప్పలకీ, బ్రిటిష్ వారి మస్కిటో యుద్ధవిమానానికీ దాన్ని తీసుకున్నారు. మస్కిటో ఒడలు ఎలా కట్టారంటే, రెండు పలచని బర్చ్ ప్లైవుడ్ రేకుల మధ్య బాల్సా చెక్క. పైనా కిందా గట్టి తోలు, మధ్యలో తేలికైన గుజ్జు. ఈ పొందికను గుర్తుంచుకోండి. మన కథలో మళ్లీ వస్తుంది.

రేడియోతో నడిపే నమూనాలకి ఆద్యులు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన కవలలు వాల్టర్ గుడ్, విలియం గుడ్. వాళ్ల 'గఫ్' విమానం 1938లో జాతీయ పోటీ గెలిచింది. ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియం వారి సేకరణలో ఉంది. ఆ రోజుల్లో రేడియో పెట్టె కూడా ఎవరికి వారే కట్టుకోవాలి. యుద్ధం తరవాత చిన్న ఇంజన్లు వచ్చాయి. డీజిల్ రకానికి ఇంధనం ఈథరు, కిరోసిన్, ఆముదం కలిపినది. ఆ కాలంలో విమానాల మైదానంలో ఆముదం కాలిన వాసన రావడం మామూలే.

మన దేశంలో ఈ విద్యకి పెద్ద ఆసరా ఎన్‌సీసీ. 1948 చట్టంతో ఎన్‌సీసీ ఏర్పడింది. 1950లో బొంబాయి, కలకత్తాల్లో దాని వైమానిక విభాగం మొదలైంది. కేడెట్ల శిక్షణలో నమూనా విమానాల నిర్మాణం ఒక భాగమైంది. కలకత్తాలో బాల్సా కిట్లతో పాటు అరోరా అనే దేశీ ఇంజన్లు కూడా తయారయ్యేవి. మన దగ్గర విజయనగరం పక్కన కోరుకొండలో 1962లో సైనిక్ స్కూలు వచ్చింది. అక్కడ చదివినవాళ్లు ఎందరో త్రివిధ దళాల్లో అధికారులయ్యారు. అయితే మనలాంటి మామూలు బడికి, ఎన్‌సీసీ వైమానిక విభాగం లేని బడికి, దారి లేదు. బాల్సా ఈక్వడార్ నుంచి రావాలి. ఇంజను కలకత్తా నుంచి రావాలి. రేడియో విదేశం నుంచి రావాలి. అంత దూరం నుంచి వచ్చిన వస్తువుని ఏ మాస్టారు పిల్లాడి చేతికిస్తారు? బీరువాకి తాళం అందుకే పడింది.

1957లో పడిన రెండు విత్తనాలు

1957 జూన్ 30న ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ అనే ఆయన 'రేడియో క్వీన్' అనే నమూనాను విద్యుత్ మోటారుతో, రేడియో అదుపులో ఎగరేశాడు. బ్యాటరీతో నడిచే రేడియో విమానాల్లో తొలి ప్రయాణంగా నమోదైంది అదే. సరిగ్గా ఆ సంవత్సరమే అమెరికాలో మొన్‌సాంటో కంపెనీ ఫోమ్ బోర్డును బజారులోకి తెచ్చింది. రెండు కాగితాల మధ్య పాలిస్టైరీన్ నురగ. అంటే మన థర్మాకోల్ జాతి పదార్థానికి పైనా కిందా దళసరి కాగితం. మస్కిటో ఒడలు గుర్తుందా? అదే పొందిక, కాగితంలో. నురగ ఒక్కటే అయితే వేలితో తుంచవచ్చు. కాగితం ఒక్కటే అయితే వంగిపోతుంది. రెండూ అతుక్కుంటే, వంచబోతే ఒక వైపు కాగితం సాగాలి, రెండో వైపు కాగితం నలగాలి. కాగితం సాగడానికి సులభంగా ఒప్పుకోదు. అందుకే అంత తేలికైన అట్ట అంత బిగువుగా నిలబడుతుంది.

కానీ ఆ బోర్డు పుట్టింది బొమ్మల ఫ్రేములకీ, దుకాణాల బోర్డులకీ, ఇళ్ల నమూనాలకీ. విద్యుత్ మోటారుకి అప్పట్లో ఉన్న బ్యాటరీలు మోయలేనంత బరువు. ఈ రెండు విత్తనాలు ఒకదాన్నొకటి చేరుకోవడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో మూడు సంగతులు జరిగాయి.

మొదటిది, సెల్‌ఫోన్ల పుణ్యమా అని లిథియం బ్యాటరీలు తేలికయ్యాయి. బ్రష్‌లు లేని చిన్న మోటార్లు, 9 గ్రాముల సర్వోలు చైనా నుంచి చవగ్గా వచ్చాయి. సర్వో అంటే రేడియో చెప్పినంత మేరకు చిన్న చెయ్యి తిప్పే మోటారు. రెండోది, 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు. పూర్వం ఒకే మైదానంలో ఇద్దరు ఒకే క్రిస్టల్‌తో రేడియో ఆన్ చేస్తే ఒకరి విమానం రెండోవాడి మాట విని నేలకూలేది. కొత్త రేడియో తన రిసీవరును తానే గుర్తుపెట్టుకుంటుంది. మన దేశంలో తక్కువ శక్తి పరికరాలకి ఈ పౌనఃపున్యాన్ని 2005లో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. మూడోది, పాఠం చెప్పేవాడు దొరకడం. అమెరికాలోని ఒహాయోలో 2010లో మొదలైన ఫ్లైట్ టెస్ట్ బృందం, డాలర్ దుకాణంలో దొరికే ఫోమ్ బోర్డుని కత్తితో కోసి వేడి జిగురుతో అతికించి విమానం చేయడం వీడియోల్లో చూపించింది. ప్లాన్లు ఉచితంగా ఇచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ పాఠం నాగావళి, వంశధార గట్టు మీది పల్లెలకీ చేరింది. బాల్సా కాలంలో మనకి అందని పుస్తకం అలా అరచేతిలోకి వచ్చింది.

ఒక మునక, ఒక పాఠం

మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు మేమిద్దరం మొదటి విమానం చేశాం. ఫోమ్ బోర్డు అడిగితే ఫ్లెక్సీలు వేసే షాపులో సన్‌బోర్డు ఇచ్చారు. తెల్లగా, నున్నగా, చూడ్డానికి అదే అనిపించింది. వారం రోజులు కష్టపడి కోసి అతికించాం. బడి మైదానంలో వదిలితే అది నేల మీద కారులా పరుగెత్తింది కానీ లేవలేదు. చేత్తో విసిరితే ఇటుకలా పడింది.

తప్పు ఎక్కడుందో ఇంటికి వెళ్లి తూకం వేస్తే తెలిసింది. కాగితం తోలు ఉన్న 5 మిల్లీమీటర్ల తేలిక రకం ఫోమ్ బోర్డు చదరపు మీటరుకి 300 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. సన్‌బోర్డు పీవీసీ ప్లాస్టిక్ నురగ. అదే మందంలో చదరపు మీటరు రెండు కిలోలు దాటుతుంది. విమానం గట్టిదనాన్ని చూస్తుందనుకున్నాం. విమానం ముందు చూసేది బరువుని. పుస్తకాల షాపులో, ప్రాజెక్టు సామాను అమ్మేచోట 'పేపర్ ఫోమ్ బోర్డు' అని అడిగి, చేత్తో పట్టుకుని తేలికగా ఉందో లేదో చూసి కొనాలన్నది మేం డబ్బులిచ్చి నేర్చుకున్న పాఠం. అయినా ఆ ముక్కలే పోయాయి. మోటారు, బ్యాటరీ, రేడియో పదిలంగా ఉన్నాయి. వాటినే రెండో విమానానికి బిగించాం. అసలు కిటుకు అదే. ఖరీదైనది విప్పి మార్చుకోవచ్చు. విరిగేది అట్ట మాత్రమే.

కట్టే పద్ధతి చెబుతాను. రెక్క పొడవు ఒక మీటరు, వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకోండి. మొత్తం బరువు 700 గ్రాములు దాటకుండా చూసుకోవాలి. రెక్క అట్టని మధ్యలో పైకాగితం, నురగ మాత్రమే కోసి, అడుగు కాగితాన్ని మడతబందులా వదిలి మడిస్తే, పైన ఉబ్బు, కింద చదునుగా ఉండే రెక్క ఆకారం వస్తుంది. లోపల గాలిపటానికి వాడే వెదురు బద్దని దూలంగా పెట్టి అతికిస్తే రెక్క విరగదు. రెక్కల కొసలు కొంచెం పైకి లేపితే విమానం ఒక పక్కకి ఒరిగినా తానే సర్దుకుంటుంది. తోకలో పైకీ కిందకీ కదిలేది ఎలివేటర్, పక్కలకి కదిలేది రడ్డర్. వాటి కీలు దగ్గర అట్టని ఏటవాలుగా కోయాలి. అప్పుడే రెండు వైపులా తిరుగుతాయి. సర్వో నుంచి తోకకి సన్నని ఇనుప తీగ. మోటారు 1000 కేవీ రకం, 11.1 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ సరిపోతాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యం గరిమనాభి. బడిలో భౌతికశాస్త్రంలో చదివి, పరీక్షలో రాసి, మరచిపోయిన మాట అది. రెక్క ముందంచు నుంచి వెడల్పులో పావు వంతు దగ్గర, అంటే ఈ కొలతకి 5 సెంటీమీటర్ల దగ్గర, రెండు వేళ్ల మీద నిలబెడితే విమానం సమంగా నిలవాలి. ముక్కు కొంచెం దిగినా పరవాలేదు. తోక దిగితే అది గాలిలోకి లేచి, తలెత్తి, వేగం పోగొట్టుకుని పడిపోతుంది. బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి ఇది సరిచేస్తారు. పుస్తకంలో అరపేజీ అయిన పాఠం, ఒక్కసారి విమానం కూలాక జన్మలో మరచిపోము.

మన తీరానికి కొన్ని జాగ్రత్తలు అవసరం. గాలిలో చెమ్మకి బోర్డు కాగితం ఉబ్బి ఊడుతుంది. అంచులకి పార్సిల్ టేపు వేయాలి. ఎండ ఎక్కాక సముద్రం గాలి మొదలైతే అంత తేలిక విమానం నిలవదు. తెల్లవారి ఎగరేయడం మేలు. థర్మాకోల్ జాతి నురగని పెట్రోలు, రబ్బరు జిగురు, ఫెవిక్విక్ లాంటివి తినేస్తాయి. ఫెవికాల్, వేడి జిగురు వాడుకోవాలి. బ్యాటరీని ఎవరూ లేకుండా చార్జింగ్‌లో వదలకూడదు. ఉబ్బినదాన్ని మళ్లీ వాడకూడదు. పంకా కత్తితో సమానం. ప్రయోగం చేసేటప్పుడు ముందు పంకా విప్పాలి.

బాగుచేయడానికి ఎంతసేపు?

1959లో ఇంగ్లండులో హెన్రీ క్రెమర్ అనే పారిశ్రామికవేత్త ఒక బహుమతి ప్రకటించాడు. మనిషి తన కండబలంతోనే విమానాన్ని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి రావాలి. పెద్ద పెద్ద బృందాలు అందమైన విమానాలు కట్టాయి. అవి కూలితే బాగుచేయడానికి నెలలు పట్టేది. పద్దెనిమిదేళ్లు ఎవరూ గెలవలేదు. అమెరికాలో పాల్ మెక్రీడీ చిన్నప్పటి నుంచి నమూనా విమానాలు కట్టినవాడు. ఆయన ప్రశ్న మార్చాడు. "గొప్ప విమానం ఎలా కట్టాలి?" అని కాక, "కూలితే కొన్ని గంటల్లో ఎలా బాగుచేయాలి?" అని. సన్నని అల్యూమినియం గొట్టాలు, పలచని ప్లాస్టిక్ పొర, తీగలు, అట్ట, టేపులతో 'గాసమర్ కాండర్' కట్టాడు. అది చాలాసార్లు కూలింది. ప్రతిసారీ ఏదో మార్చి మళ్లీ ఎగరేశారు. 1977 ఆగస్టు 23న బహుమతి గెలిచింది. రెండేళ్లకి దాని తమ్ముడు 'గాసమర్ అల్బట్రాస్' ఇంగ్లిష్ ఛానెల్ దాటింది.

రైట్ సోదరుల బొమ్మ, మెక్రీడీ అట్ట, మన ఫోమ్ బోర్డు చెప్పే సంగతి ఒక్కటే. ఎగరడం నేర్చుకున్నవాళ్లు ముందు పడటానికి స్తోమత ఉన్నవాళ్లు. ఆ స్తోమత డబ్బులోనైనా ఉండాలి, లేదా పదార్థం అంత చవగ్గానైనా ఉండాలి. మనకి డబ్బు లేదు. ఇప్పుడు పదార్థం ఉంది.

మన ఇంటి ముందు విమానాశ్రయం

ఇప్పుడే ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన రెండు జిల్లాలకీ ఆకాశంతో కొత్త చుట్టరికం కలుస్తోంది. విజయనగరానికి చెందిన పూసపాటి అశోక్ గజపతిరాజు గారు 2014 నుంచి 2018 దాకా దేశ పౌర విమానయాన మంత్రి. శ్రీకాకుళానికి చెందిన కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు 2024లో అదే శాఖ చేపట్టారు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. దాన్ని కట్టే జీఎంఆర్ సంస్థ అధిపతి రాజాంలో పుట్టినవారు. ఆ రన్‌వే కోసం ఊళ్లూ, తోటలూ ఇచ్చినవాళ్లు మన బంధువులే.

మన పిల్లలు ఆ విమానాశ్రయంలోకి ఎలా వెళ్తారు? టిక్కెట్టు కొని వెళ్తారు, సామాను మోయడానికి వెళ్తారు, భద్రతా సిబ్బందిగా వెళ్తారు. ఏ పనీ తక్కువది కాదు. కానీ రెక్క పైకి ఎందుకు లేస్తుందో తన చేత్తో కట్టి తెలుసుకున్నవాడు కూడా ఒకడు వెళ్లాలి కదా. వాడు ఎక్కడి నుంచి వస్తాడు?

చట్టం కూడా అడ్డు కాదు, హద్దు మాత్రమే. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలు చదువు కోసం, సరదా కోసం, కంటికి కనిపించేంత దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు నమూనాలని వేరే తరగతిగా గుర్తించి, టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నాయి. విమానాశ్రయం హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు, ఆ బయట పచ్చ మండలంలో 400 అడుగులు దాటకూడదు. డిజిటల్ స్కై పటంలో మన ఊరు ఏ రంగులో ఉందో చూసుకోవచ్చు. భోగాపురంలో విమానాలు దిగడం మొదలయ్యాక చుట్టుపక్కల బడుల వాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

మొన్న సంక్రాంతి సెలవుల్లో, కనుమ మర్నాడు తెల్లవారి, మేనల్లుడూ నేనూ మన బడి మైదానంలో మా ఐదో విమానం ఎగరేశాం. క్రికెట్‌కి వచ్చిన పిల్లలు చుట్టూ మూగారు. రెండు చుట్లు తిరిగి మూడో చుట్టులో గోల్‌పోస్టుకి కొట్టుకుని ముక్కు నలిగింది. ఒక పిల్లాడు పరుగెత్తుకెళ్లి ముక్కలు ఏరుకొచ్చి, తానే విరగ్గొట్టినంత భయంగా, "ఇరిగిపోనాది తాతా, మరెలగ?" అన్నాడు. "అతికిద్దాం, ఆ టేపు ఇలాగియ్యి" అన్నాను. పావుగంటలో మళ్లీ ఎగిరింది. ఈసారి విసిరింది వాడే. నలభై ఏళ్ల కిందట సైన్సు గదిలో విన్న ప్రశ్నకి జవాబు దొరికినట్టనిపించింది.

సంఘం పెద్దలకి నా మనవి ఇది. స్వర్ణోత్సవ కానుకగా బడికి ముఖద్వారం కట్టాలని కొందరు, రెడీమేడ్ డ్రోన్ కొనివ్వాలని కొందరు అంటున్నారు. ద్వారం కట్టండి, కాదనను. డ్రోన్ మాత్రం కొనవద్దు. అది మళ్లీ బీరువాలోకే వెళ్తుంది. దాని బదులు ఒక పొడవాటి బల్ల, పది కత్తులు, ఉక్కు స్కేళ్లు, రెండు జిగురు గన్నులు, రెండు రేడియో సెట్లు, ఏటా యాభై షీట్ల ఫోమ్ బోర్డు ఇవ్వండి. ఆదివారం ఉదయం వచ్చి పక్కన కూర్చునే పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురం మేం ఉంటాం. గది తలుపు మీద ఒక వాక్యం రాయించండి: ఇక్కడ విరిగినదానికి ఎవరూ డబ్బు కట్టనక్కర్లేదు.

ఆ బీరువా ఇంకా ఉంటే, తాళం తీసి ఆ మధ్య అరలో జిగురు డబ్బాలు పెడదాం.